పసుపు వండినామె

మా ఇంట్లో ఏడాదికి పదకొండు నెలలు బాపు పెద్దమనిషి. మిగిలిన ఒక్క నెల పసుపు వండే ఆయన పెద్దమనిషి. మాఘం వచ్చిందంటే పెర్కిట్ ఊరి వెనుక ఉన్న మా చేనులో కడాయి పొయ్యెక్కేది. ఆ రోజు నుంచి బాపు మంచం ఆయనది, మొదటి చాయ ఆయనది, ఏ విషయంలోనైనా ఆఖరి మాట ఆయనది. బాపు పక్కన నిలబడి కట్టెలు అందించేవాడు. మా బాపు ఇంకొకరికి ఏదైనా అందించడం నేను చూసింది అక్కడ ఒక్కచోటే.

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు పండించడం అందరికీ వచ్చు. వండడం కొందరికే వచ్చు. తవ్విన పసుపును పెద్ద ఇనుప కడాయిలో వేసి, నీళ్లు పోసి, పైన పసుపాకూ గోనెసంచులూ కప్పి ఉడకబెట్టాలి. తొందరపడి తీస్తే లోపల పచ్చిగా ఉండిపోయి, ఎండినాక పురుగు పడుతుంది. ఆలస్యం చేస్తే రంగు చస్తుంది. తొమ్మిది నెలల పంట ఒక పావుగంట మీద నిలబడి ఉంటుంది. ఆ పావుగంట ఎప్పుడొచ్చిందో చెప్పగలిగిన మనిషికి మంచం ఇవ్వడం పెద్ద విషయమేం కాదు.

ఆఖరి కడాయి తీసిన రోజు చేను యజమాని కొత్త రుమాలు తెచ్చి, అందరి ముందు, వండినవాడి తలకు తన చేత్తో కట్టాలి. ఆయన ఆ రుమాలుతో ఆర్మూరు బజారులో ఒక చుట్టు తిరిగేవాడు. "ఎవరింట్ల వండినవ్?" అని నలుగురు ఆపి అడిగేవారు. వచ్చే ఏటి పిలుపులు అక్కడే ఖాయమయ్యేవి. రుమాలు కట్టించుకోని మనిషిని కడాయి దగ్గరికి ఎవరూ పిలిచేవారు కాదు.

ఆడవాళ్లు మాత్రం పొయ్యికి పది అడుగుల లోపలికి రాకూడదు. వస్తే పసుపు చెడుతుందట. మా అమ్మ పెళ్లయి వచ్చి పాతికేళ్లయినా తన చేనులో కడాయి లోపల ఏముంటుందో చూడలేదు. ఈ సంగతి జరిగేనాటికి నేను బి.ఎస్సీ. పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూడడమే ఉద్యోగంగా చేస్తున్నాను. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయని నిజామాబాద్‌లో చదువుకున్నాను. ఆడమనిషి దగ్గరికొస్తే ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయని బాపును అడగాలని ఉండేది. అడగలేదు. కెమిస్ట్రీ మీద నాకు నమ్మకం ఉంది గానీ, బాపు చెప్పులు కూడా గట్టివే.

తవ్వడం, ఏరడం, మోయడం, ఎండబోయడం, ఇదంతా తాండా నుంచి వచ్చే లంబాడా ఆడవాళ్ల పని. కూలి మగవాళ్లకిచ్చే దాంట్లో సగం. దాహమైతే చెంబు వాళ్ల చేతికి ఇచ్చేవాళ్లం కాదు; దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లం. సాయంత్రం ఇళ్లకు పోయేముందు వాళ్లు గట్టు మీద వరుసగా నిలబడి ఘాగ్రాలూ కొంగులూ దులిపి చూపించాలి, పసుపు కొమ్ములు దాచుకున్నారేమోనని. అదే చేనులో పనిచేసిన మగ కూలీలు బీడీ ముట్టించుకుని అలాగే వెళ్లిపోయేవారు. నాకు తెలిసినన్నాళ్లలో ఆ ఘాగ్రాల్లోంచి ఒక్క కొమ్ము కూడా రాలలేదు. అయినా దులిపించడం మానలేదు. ఆచారం మీద మాకున్న నమ్మకం అనుభవం మీద లేదు.

ఆ గుంపుకు పెద్ద ఒకామె. నలభై దాటిన మనిషి, బాపు కంటే పొడుగు. మోచేతి పైదాకా తెల్ల గాజులు, చెంపల పక్కన వేలాడే వెండి గుత్తులు, అద్దాల రవికె. గట్టు మీద ఆమె నడిచొస్తుంటే ముందు ఎండ మెరుపు వచ్చేది, ఆ తర్వాత ఆమె వచ్చేది. బాపు "ఏయ్ లంబాడీ" అని పిలిచేవాడు. ఆమె "ఏంది పటేలా" అని పలికేది. మర్యాద ఇవ్వడంలో ఆమె ఎప్పుడూ బాపు కంటే ఒక మెట్టు పైనే ఉండేది. అది మాకు ఎక్కువ కనిపించేది కాదు.

ఎనభైల నడుమ ఒక ఏడు, తవ్వడం సగమయ్యాక మా వండే ఆయనకు దుబాయి వీసా వచ్చింది.

"ఇప్పుడు పోతే ఎట్లనయ్యా? పసుపంత బయట పడ్డది" అన్నాడు బాపు.

"వీసా పసుపు లెక్క కాదు పటేలా. ఆగుమంటే ఆగది" అని ఆయన వెళ్లిపోయాడు.

వండేవాడిని వెతుక్కుంటూ బాపు మోర్తాడ్ పోయాడు. అక్కడి నుంచి అప్పటికే ఊళ్లకు ఊళ్లు గల్ఫ్‌కు పోతున్నాయి. దొంకేశ్వర్ దిక్కు పోయాడు. ఉన్న ఒకరిద్దరిని వేరేవాళ్లు ముందే మాట్లాడుకున్నారు. నాలుగో రోజు బాపు కొబ్బరికాయ కొట్టి తనే పొయ్యి ముట్టించాడు. చేతి గడియారం చూసే బాధ్యత నాకు ఇచ్చాడు. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి పోస్టు అదే.

మొదటి కడాయి మరుగుతోంది. పసుపు తవ్వుతున్న ఆ గుంపు పెద్ద తలెత్తి, "పటేలా, ఇగ తియ్యి" అంది.

"నీ పని నువ్వు చూస్కో" అన్నాడు బాపు.

ఆ కడాయి తీసేసరికి కొమ్మును పట్టుకుంటే వేళ్ల మధ్య పప్పులా జారింది. రెండో కడాయికి బాపు భయపడ్డాడు. సగం కాగానే తీయబోతే ఆమె మళ్లీ, "ఇంక పచ్చి వాసనే వస్తంది పటేలా, జర ఉండనియ్యి" అంది. బాపు ఉండనివ్వలేదు. విరిచి చూస్తే లోపల తెల్లగా పచ్చి దుంప. గడియారం మాత్రం రెండుసార్లూ సరిగ్గానే నడిచింది.

మూడో కడాయి ఎక్కింది. నురగ లేచింది. ఆమె మాట్లాడలేదు. బాపు ఆమె దిక్కు ఒకసారి చూశాడు, రెండుసార్లు చూశాడు.

"ఏమే, ఏమంటవ్?"

"నేనేమంట పటేలా? నా పని నేను చూస్కుంటున్న."

పది అడుగుల అవతల అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డ అమ్మ, "జర మంచిగ అడుగరాదు? నోరు అరుగుతదా?" అంది.

బాపు గడ్డపారతో నేల మీద ఒక గీత గీశాడు. "గీ గీతకు అవతల నిలబడి చెప్పు. ఇవతలికి రాకు" అన్నాడు. ఆమె వచ్చి గీత అవతల నిలబడింది, కళ్లు మూసుకుని వాసన చూసింది. కాసేపటికి, "గాలి మళ్లింది పటేలా. గీడికి వాసన వస్తలేదు" అంది.

"అయితే?"

"అయితే ఏముంది. గాలినన్న మలుపు, గీతనన్న మలుపు."

గాలి బాపు మాట వినే రకం కాదు. అందుకని గీతను చెరిపి పొయ్యికి ఇంకో పక్క గీశాడు. అంతలో గాలి మళ్లీ తిరిగింది. మూడో గీత. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి పొయ్యి చుట్టూ గీతలే. ఎవరు ఏ గీతకు ఎటు దిక్కున ఉన్నారో తేల్చాలంటే పంచాయతీ పెట్టాలి. అప్పుడామె, "వాసన ఒక్కటే సాలది, పుల్ల గుచ్చి చూడాలె" అని, ఘాగ్రాను కాళ్ల మధ్య నుంచి గోచీలా బిగించి, చీపురు పుల్ల తీసుకుని నేరుగా కడాయి దగ్గరికి నడిచింది. బాపు సరిగ్గా అప్పుడే రోడ్డు మీద పోయే లారీని చూస్తున్నాడు. మా ఇంట్లో అనుమతి ఇచ్చే పద్ధతి అదే.

గోనెసంచి ఒక కొస ఎత్తి, ఆవిరిలో చెయ్యి పెట్టి, ఒక కొమ్ము తీసి పుల్ల గుచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. "తియ్యిన్రి" అంది. ఆ ఒక్క మాటకు ఎనిమిది మంది ఆడవాళ్లు గంపలతో కదిలారు. ఆ కడాయి పసుపు కళ్లంలో పోస్తుంటే, చేనులో ఉన్న అందరికీ తెలిసిపోయింది, ఇది వేరే వంట అని. రంగు అలా ఉంది.

"నీకెట్ల తెలుసు?" అని అడిగాను.

"ఉడికినదాన్ని ఇరవై ఏండ్ల సంది మోస్తున్న చిన్న పటేలా. ఎవడెట్ల వండిండో, గంప నెత్తి మీదుంటే ముక్కుకు తెల్వదా?"

నేను మూడేళ్లు ల్యాబులో పరీక్షనాళికలు కడిగాను. అన్నేళ్లలో నా ముక్కు నేర్చుకున్నది జలుబు ఒక్కటే.

ఆ తర్వాత పదహారు రోజులు ఆమె వండింది. అంతకుముందు నేను చూసిన వండేవాళ్లు మంచం మీద కూర్చుని అరిచేవారు. ఆమె అరవలేదు, మంచం ఎక్కలేదు. పొయ్యిలో మంట ఎక్కువైతే ఎండుపసుపాకు ఒక చేతితో పక్కకు లాగేది, తక్కువైతే బాపు దిక్కు చూసేది. బాపు కట్టె అందించేవాడు. గాజుల చేతులు ఆవిరిలో మునిగి లేస్తుంటే, ఒక్కసారైనా కాలిందని ఆమె చెయ్యి విదిలించడం నేను చూడలేదు. రెండు కడాయిల మధ్య దొరికిన కాస్త సమయంలో మిగతా ఆడవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి వాసన చూపించేది. మా కాలేజీలో ఇంత శ్రద్ధగా చెప్పినవాళ్లు లేరు, విన్నవాళ్లూ లేరు.

ఒక మధ్యాహ్నం అమ్మ బువ్వ తెచ్చి, అలవాటుగా దూరంగా ఆగిపోయింది.

"రా అక్కా, వచ్చి సూడు" అంది ఆమె.

"నేనా? వద్దులే."

"నీ చేను, నీ పసుపు. నీకు గాక ఎవరికి సూపిస్త?"

అమ్మ బాపు దిక్కు చూసింది. అదృష్టవశాత్తు రోడ్డు మీద ఇంకో లారీ పోతోంది. అమ్మ వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పాతికేళ్లలో మొదటిసారి కడాయిలోకి తొంగి చూసింది. చాలాసేపు చూసింది.

"గింతేనా!" అంది.

ఆమె పకపకా నవ్వింది. అమ్మ కూడా. ఆ రోజు పసుపు చెడలేదు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

పక్క చేను ఆయనకు మాత్రం నోరు ఆగలేదు. గట్టు మీద నుంచే, "ఏంది పటేలా, లంబాడిదాన్ని పొయ్యికాడ నిలబెట్టినవట? అది తాకిన పసుపు దేవుడికి ఎట్ల ఎక్కుతది?" అని అరిచాడు.

"కట్టెలు అందిస్తంది, గంతే" అన్నాడు బాపు, చేతిలో కట్టెతో.

ఆమె విన్నది. ఆ సాయంత్రం నాతో, "రుమాలు ఏ రంగుది తెస్తడు చిన్న పటేలా మీ బాపు?" అని అడిగింది. ఆమెకు కావాల్సింది ఏమిటో అప్పుడు అర్థమైంది. గుడ్డముక్క కాదు. ఆ గుడ్డ తల మీద ఉంటే వచ్చే ఏడు తనను, తన ఎనిమిది మందిని తవ్వడానికి కాదు, వండడానికి పిలుస్తారు. లేకుంటే ఈ పదహారు రోజులు జరగనట్టే.

ఆఖరి కడాయి తీసిన రోజు బాపు ఒక పొట్లం తెచ్చాడు. విప్పితే రవికె గుడ్డ. ఎర్రది, మంచిదే. దూరం నుంచి ఆమె ఒడిలో పడేలా వేశాడు.

ఆమె దాన్ని మడత విప్పకుండా చూసింది. "గిది తవ్వినందుకా పటేలా, వండినందుకా?"

"అన్నిటికీ."

"తవ్వినందుకు కూలిచ్చినవ్. వండినందుకు రుమాలు కదా?"

"ఆడదానికి రుమాలు ఏందే? అదీ లంబాడిదానికి? నలుగురు నవ్వుతరు."

"పసుపు తిని నవ్విన్రా ఎవరన్న?" అని, రవికె గుడ్డను మంచం కోడు మీద పెట్టి, తన మనుషులను తీసుకుని వెళ్లిపోయింది. నేను అక్కడే ఉన్నాను. బాపుతో ఏదో ఒకటి అనాల్సింది. నా గడియారం చూసుకున్నాను.

పసుపు ఎండింది, మెరుగు పెట్టించాం, ఆర్మూరు మార్కెట్ యార్డులో కుప్ప పోశాం. బాపు చేతిలో పాడైన మొదటి రెండు కడాయిల పసుపును వేరే పెట్టాలి. అది కుప్ప అడుగుకు చేరింది. ఎలా చేరిందో బాపు చెప్పలేదు, నేను అడగలేదు. మా సరుకు అమ్మిపెట్టే అడ్తి సేటు పైనుంచి ఒక కొమ్ము తీసి విరిచాడు. టక్కుమంది. లోపల నారింజ రంగు.

"వహ్వా! మీ వండేటాయన దుబాయి పోయిండు కదా పటేలా. గిది ఎవరు వండిన్రు?"

బాపు గొంతు సవరించుకుని, "కొత్తాయన" అన్నాడు.

"ఏ ఊరు?"

బాపు తడబడ్డాడు. నేను ఆదుకున్నాను. "దూరం. మీసాలాయన" అన్నాను. ఇలాంటి చోట నా తెలివి ఎప్పుడూ ఆలస్యం చేయదు.

వారం తిరక్కుండా ఆ మీసాలాయన ఆర్మూరులో పేరుమోసిన మనిషయ్యాడు. ఆయనను బస్టాండులో చూశామని చెప్పినవాళ్లున్నారు. ఆయన చాయ తాగడని ఒకరు, పొయ్యి దగ్గర మంత్రం చదువుతాడని ఒకరు. ఆయన కోసం ముగ్గురు రైతులు మా ఇంటికి వచ్చారు. నాలుగో ఆయన, తవ్వడానికి కూలీలు కావాలని తాండాకు పోయి, అక్కడ ఆమెతోనే ఆ మీసాలాయన గొప్పదనం అంతా చెప్పి వచ్చాడు.

మా పసుపులో సగం ఇంకా యార్డులోనే ఉంది. ఆ మరునాడు పొద్దున, సేటు, పదిమంది రైతులు కుప్ప చుట్టూ ఉండగా ఆమె వచ్చింది. తన గుంపును తీసుకురాలేదు. గొంతు పెంచలేదు.

"పటేలా, రుమాలు కట్టించుకుందామని వచ్చిన" అంది.

సేటు నవ్వాడు. "ఏం రుమాలే?"

"గీ పసుపు వండిన రుమాలు."

"గిది మీసాలాయన వండిండట గదా!"

"మీసాలు తప్ప అంత నేనే సేటూ."

అందరూ బాపును చూశారు. బాపు నన్ను చూశాడు. నేను మీసం పెట్టినవాడిని కాబట్టి నేల చూశాను.

"గట్లయితే చెప్పు" అన్నాడు సేటు, సరదాగా. "గీ కుప్పల నుంచి ఏదన్న ఒకటి తీసి, ఎట్ల ఉడికిందో విరవకముందు చెప్పు."

ఆమె వంగి కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చింది. అడుగున ఏముందో బాపుకు, నాకు తెలుసు; పాడైన పసుపు పక్కన విడిగా లేకపోవడం చూసిన ఆమెకూ తెలుసు. అడుగు నుంచి ఒక కొమ్ము తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తల తిప్పి బాపును చూసింది. ఒక్క క్షణమే. ఆ కొమ్మును పిడికిట్లో మూసి, రెండో చేత్తో పైనుంచి ఇంకొకటి తీసింది.

"గిది నాలుగో రోజుది. ఉత్తరం దిక్కు మడిల తవ్వినం. మంట జర తగ్గింది ఆ పొద్దు, అంచుకు రంగు రవ్వంత తక్కువుంటది, నడుమ మంచిగుంటది" అంది.

సేటు విరిచాడు. అంచు చూశాడు, నడుమ చూశాడు. నవ్వడం మానేశాడు. ఇంకొకటి ఇచ్చాడు. అదీ చెప్పింది. మూడోది ఇవ్వకుండానే, "పటేలా, నిజమేనా?" అని బాపును అడిగాడు.

బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. న్యాయం ఆయన మనసును తట్టి లేపిందని రాయాలని నాకూ ఉంది. నా అంచనా ప్రకారం ఆయన నోరు తెరిపించినదాంట్లో సగం సిగ్గు. మిగతా సగం ఆమె మూసి పట్టుకున్న పిడికిలి.

"నిజమే. ఆమెనే వండింది" అన్నాడు. బాపు ఆమెను 'ఆమె' అనడం అదే మొదలు. వెంటనే, "రుమాలు ఇంట్ల ఉంది, తర్వాత…" అని మొదలుపెట్టాడు.

యార్డు గేటు బయట బట్టల దుకాణం ఉంది. నేను పరుగెత్తాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని అదొక్కటే కాబట్టి కొంచెం వివరంగా చెప్తున్నాను: చెప్పు తెగింది, అయినా ఆగలేదు. కాషాయం రంగు రుమాలు, ఉన్నవాటిలో పొడుగుది తెచ్చి బాపు చేతిలో పెట్టాను.

బాపు దాన్ని ఆమెకు అందించబోయాడు.

"ఇచ్చుడు కాదు పటేలా. కట్టుడు" అంది.

ఆమె తల వంచలేదు. బాపు మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది. వెండి గుత్తులు అడ్డం వచ్చాయి. ఎన్నో తలలకు రుమాలు కట్టిన చేతులు రెండుసార్లు తప్పాయి. "గిటు తిప్పు పటేలా" అని ఆమే చెప్పింది. మూడోసారి కుదిరింది. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం ఛీ అని తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. ఆమె యార్డు దాటి, బజారు నడిమధ్య నుంచి, ప్రతి పసుపు రైతు చూసేలా, నిదానంగా ఒక చుట్టు తిరిగి వెళ్లింది. పిడికిలి ఇంకా మూసే ఉంది.

దానితో ఆర్మూరు మారిపోయిందని చెప్పను. పక్క చేను ఆయన బతికినన్నాళ్లు ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అన్నేళ్లూ ఆయన పసుపు అంతంత మాత్రంగానే ఉడికింది. వండించుకుని రుమాలు కట్టకుండా రవికె గుడ్డ ఇవ్వజూపినవాళ్లున్నారు. వాళ్లింటికి ఆమె రెండో ఏడు పోలేదు. తొంభైల్లో ఆమె గుంపులో వంట తెలిసిన ఆడవాళ్లు అయిదుగురు. ఒకే రోజు అయిదు చేన్లలో అయిదు కడాయిలు తీయించేవారు. మగవాళ్లతో సమానంగా కూలి ఇస్తేనే వచ్చేవారు.

మొదటి మార్పు మాత్రం మరుసటి మాఘంలోనే మా ఇంటికి తెలిసింది. పసుపు తవ్వగానే బాపు నన్ను వెంటబెట్టుకుని తాండాకు వెళ్లాడు. ఆమె గుడిసె ముందు మంచం వాల్చింది. బాపు కూర్చున్నాడు.

"రేపటికెల్లి మా చేనుల కడాయి ఎక్కియ్యాలె" అన్నాడు.

"నీ వంతు నాలుగోది పటేలా."

"నాలుగోదా? మొదలు వండింది నా చేనుల్నే గదా!"

"అందుకే నాలుగోది. లేకుంటే ఏడోది."

బాపు నన్ను చూశాడు. ఈసారి కల్పించడానికి నా దగ్గర ఏమీ లేదు. తిరుగుదారిలో ఆయన ఒక్క మాటే అన్నాడు. "మంచిగ వండేటోళ్లకు గిదే గర్వం" అని. అంతకుముందు వండిన మగవాళ్ల గురించి కూడా ఆయన సరిగ్గా ఇదే మాట, ఇదే విసుగుతో అనేవాడు.

ఆ ఏడు మా పసుపు నెల ఆలస్యంగా ఉడికింది.